హద్దు లేని హెచ్చరిక

2025 జనవరిలో విడుదలైన లినక్స్ 6.13 కెర్నల్‌లో వేల మార్పులున్నాయి. కొత్త చిప్‌లకు డ్రైవర్లు వచ్చాయి, ఫైల్ సిస్టమ్‌లకు సవరణలు జరిగాయి. వాటన్నిట్లో నాకు బాగా నచ్చింది ఏమీ చేర్చని ఒక మార్పు. చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టులో నిద్ర, జాప్యాలకు సంబంధించి ఉన్న పనికిరాని తనిఖీలను అది తీసేసింది. 2024 అక్టోబరులో జర్మనీలో పనిచేసే అన్నా మరియా బెన్‌సెన్ పంపిన ప్యాచ్ అది. ఆ తనిఖీలతోపాటు ఏళ్ల తరబడి జనాన్ని తప్పుదారి పట్టించిన కొన్ని హెచ్చరికలు పోయాయి. అరకు దగ్గర ఒక ఊళ్లో ఉన్న ఒక అమ్మాయి వల్ల ఆ మార్పు విలువ నాకు అర్థమైంది.

ముందు చెక్‌ప్యాచ్ సంగతి. కెర్నల్‌కి ఎవరు ఏ చిన్న సవరణ పంపాలన్నా ముందుగా దాన్ని ఈ స్క్రిప్టుకి చూపించుకోవాలి. పెర్ల్‌లో రాసిన ఏడు వేల పైచిలుకు వరసల ఫైలు అది. పైన రాసిన వాళ్ల పేర్లున్నాయి: 2001 డేవ్ జోన్స్, 2005 జోయెల్ షాప్, 2007 నుంచి ఆండీ విట్‌క్రాఫ్ట్, 2010 తర్వాత జో పెర్చెస్. 2007లో కెర్నల్‌లోకి వచ్చింది. మనం రాసిన కోడ్ చదివి మూడు రకాల మాటలు చెబుతుంది: తప్పు, హెచ్చరిక, చూసుకో. ఖాళీలు ఎక్కువయ్యాయని, బ్రాకెట్ ఇక్కడ ఉండకూడదని, సంతకం వరస లేదని, ఫలానా ఫంక్షన్ బదులు ఇంకోటి వాడమని. ప్యాచ్‌లు పరిశీలించే పెద్దవాళ్ల సమయం వృథా కాకుండా చాలా మేలు చేసిన పనిముట్టు. నేను రోజూ వాడతాను, ఎవరైనా మొదటిసారి ప్యాచ్ పంపుతానంటే వాడమనే చెబుతాను.

అయితే అది కోడ్‌ని అర్థం చేసుకోదు. అక్షరాల వరసని చూస్తుంది. ఈ వరసలో ఈ మాట, దాని పక్కన ఈ అంకె ఉంటే ఈ హెచ్చరిక ఇవ్వు, అంతే. ఆ వరస ఏ పరిస్థితిలో నడుస్తుందో, దాని ముందు ఏం జరిగిందో, వెనక ఎవరు కాచుక్కూర్చున్నారో దానికి కనిపించదు. ఆ సంగతి దాని పత్రంలోనే స్పష్టంగా ఉంది, ఇది ఎప్పుడూ సరైనదే చెప్పదు, మీ విచక్షణదే పైచేయి అని. పత్రం చదివేవాళ్లు తక్కువ. తెర మీద పడే హెచ్చరిక మాత్రం అందరూ చదువుతారు.

నేను పెరిగింది అరకు రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న కొత్తవలస-కిరండూల్ లైన్లో పట్టాలు తనిఖీ చేసే కీమన్. ఇప్పుడు మ్యూనిక్‌లో చిన్న యంత్రాల్లోకి లినక్స్ ఎక్కించే పని చేస్తున్నాను. నాన్నతో గ్యాంగులో పనిచేసిన ఒకాయన మనవరాలు విశాఖలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. వాళ్లది డుంబ్రిగుడ దగ్గర ఊరు, ఇంట్లో మాట్లాడేది కువి. సెలవులకి ఊరొస్తే సిగ్నల్ కోసం ఇంటి వెనక గట్టెక్కి నాకు ఫోన్ చేస్తుంది.

ఆ ఊళ్లో కాఫీ ఉంది. కాఫీ పండు కోశాక పైతోలు వలిచి, గింజకి అంటుకున్న జిగురు వదలడానికి తొట్టెలో పులియబెడతారు. ఎంతసేపు పులియాలి అన్నది చలిని బట్టి ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోతకాలం, అరకులో ఎముకలు కొరికే చలి అప్పుడే. పులియడం తక్కువైతే జిగురు వదలదు, ఎక్కువైతే గింజకి వాసన పడుతుంది, ధర పడిపోతుంది. వాళ్ల నాన్న తొట్టెలో చెయ్యి పెట్టి, గింజలు వేళ్ల మధ్య రుద్ది చూసి చెబుతాడు. ఆ అమ్మాయి తొట్టెలో ఒక థర్మామీటర్ పెట్టి, రాత్రంతా ఉష్ణోగ్రత ఎలా మారుతోందో రాసుకుంటే నాన్న చేతికి తోడుగా ఉంటుందనుకుంది. డీఎస్18బీ20 అనే చిన్న సెన్సార్ కొంది, నీళ్లలో ముంచగలిగేది, చవక. దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి తగిలించింది. కెర్నల్‌లో దీనికి డ్రైవర్ ఎప్పటి నుంచో ఉంది. అయినా నేర్చుకోవాలని సొంతంగా ఒక మాడ్యూల్ రాసింది. ఆ పట్టుదల నాకు నచ్చింది.

ఆ సెన్సార్ ఒకే తీగ మీద మాట్లాడుతుంది. సున్నా చెప్పాలంటే ఆ తీగని 60 మైక్రోసెకన్లకు తగ్గకుండా, 120కి మించకుండా కిందికి లాగి ఉంచాలి. ఒకటి చెప్పాలంటే 15 మైక్రోసెకన్ల లోపే వదిలేయాలి. సెకనులో పదిలక్షల వంతు మైక్రోసెకను. మధ్యలో ప్రాసెసర్ ఇంకో పనిలోకి వెళితే లెక్క తప్పుతుంది, సెన్సార్ చెప్పేది వేరే అంకె అయిపోతుంది. అందుకని ఆ అమ్మాయి చక్కగా ఆలోచించి, ప్రాసెసర్‌ని మధ్యలో పక్కకి లాగే ఇంటరప్ట్‌లని ఆ కాసేపు ఆపి, స్పిన్‌లాక్ అనే తాళం పట్టుకుని, 60 మైక్రోసెకన్లు యూడిలే అనే ఫంక్షన్‌తో ఆగింది. కెర్నల్‌లో ఉన్న డ్రైవర్ కూడా ఆ కాసేపు యూడిలేతోనే ఆగుతుంది.

తర్వాత, పద్ధతి ప్రకారం, చెక్‌ప్యాచ్‌ని స్ట్రిక్ట్ ఐచ్ఛికంతో నడిపింది. ‘చూసుకో’ రకం హెచ్చరిక వచ్చింది: యూడిలే కన్నా యూస్లీప్ రేంజ్ వాడటం మేలు, ఫలానా పత్రం చూడండి అని.

ఈ రెండిటికీ తేడా చెప్పాలి. పాలు పొయ్యి మీద పెట్టి పొంగొచ్చేదాకా అక్కడే నిలబడి చూడటం యూడిలే. అలారం పెట్టుకుని వెళ్లి నడుం వాల్చడం యూస్లీప్ రేంజ్. మొదటిదానిలో ప్రాసెసర్ ఏ పనీ చేయకుండా తిరుగుతూ ఉంటుంది, వృథా. రెండోదానిలో ప్రాసెసర్‌ని వేరేవాళ్లకి ఇచ్చేసి నిద్రపోతాం, టైమర్ లేపుతుంది. మామూలుగా చూస్తే రెండోదే మంచిది, నిజమే. కానీ స్పిన్‌లాక్ పట్టుకుని నిద్రపోకూడదు. ఆ లాక్ కోసం ఇంకో ప్రాసెసర్ తిరుగుతూ ఎదురుచూస్తుండొచ్చు, ఇంటరప్ట్‌లు ఆపి ఉన్నాయి కాబట్టి లేపాల్సిన టైమరే మోగకపోవచ్చు. కెర్నల్ భాషలో దీన్ని అటామిక్ సందర్భం అంటారు. అక్కడ నిద్ర నిషిద్ధం, యూడిలే తప్పనిసరి.

ఈ సందర్భం చెక్‌ప్యాచ్‌కి కనపడదు. యూడిలే అన్న మాట, దాని పక్కన పదికి తగ్గని అంకె, అది చూసేది అంతే.

ఆ అమ్మాయి హెచ్చరిక చెప్పినట్టే మార్చింది. చెక్‌ప్యాచ్ శాంతించింది. మాడ్యూల్ ఎక్కించగానే కెర్నల్ లాగ్ నిండా అటామిక్ సందర్భంలో షెడ్యూలింగ్ జరిగిందని బగ్ మెసేజ్‌లు, కాసేపటికి రాస్ప్‌బెర్రీ పై బిగుసుకుపోయింది. మళ్లీ మళ్లీ మొదటి నుంచి చూసుకుంది. తన వైరింగ్‌ని అనుమానించింది, సెన్సార్ నకిలీదేమో అనుకుంది, తన చదువునే అనుమానించింది. రాత్రి గట్టెక్కి ఫోన్ చేసింది.

"అన్నా, నాను సరిగ్గానే రాసినాను అనిపిస్తంది. అది సెప్పినట్టు మారిస్తేనే ఆగిపోతంది. ఏటి సెయ్యాల?"

సమస్య తన కోడ్‌లో లేదని చెప్పాను. ఆ హెచ్చరిక కొత్త కెర్నల్‌లో తీసేశారని, నీ రాస్ప్‌బెర్రీ పై మీద ఉన్న కోడ్ అంతకన్నా పాతది కాబట్టి అందులోని స్క్రిప్టు ఇంకా పాతమాటే చెబుతోందని చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత ఒక ప్రశ్న వేసింది: అంటే తెలిసినోళ్లందరికీ ఇది తప్పని ముందే తెలుసా?

తెలుసు. ఏళ్లుగా తెలుసు. నా బాధంతా అక్కడే ఉంది. కెర్నల్‌లో పాతుకుపోయినవాడు ఆ హెచ్చరిక చూడగానే ఇది అటామిక్ సందర్భం, దీనికి వర్తించదు అని పట్టించుకోకుండా ముందుకెళతాడు. ఇంకా చిరాకేస్తే ఆ రకం హెచ్చరిక చూపించొద్దని స్క్రిప్టుకి ఒక సూచన ఇస్తాడు, దానికి సౌకర్యం ఉంది. అతని తెర మీద నుంచి పోతుంది. అతనికి పోయింది కాబట్టి తీసేసే అవసరం కనపడదు. ఇక దాన్ని ఎవరు చదువుతారు? ఎవరికి చదివినదాన్ని కాదనే ధైర్యం ఉండదో వాళ్లు. పక్క బల్ల మీద అడగడానికి ఒక సీనియర్ లేనివాళ్లు. బెంగళూరులోనో మ్యూనిక్‌లోనో ఆఫీసులో కూర్చున్న కుర్రాడు వెనక్కి తిరిగి అడుగుతాడు, అర నిమిషంలో తేలిపోతుంది. డుంబ్రిగుడలో గట్టు మీద కూర్చున్న పిల్లకి ఆ స్క్రిప్టే గురువు. తప్పుడు హెచ్చరిక ఖర్చు అందరి మీదా సమానంగా పడదు. దూరాన ఉన్నవాళ్ల మీదే మొత్తం పడుతుంది.

బెన్‌సెన్ రాసిన ప్యాచ్‌ని ఆ అమ్మాయికి పంపాను. చదవదగ్గ రచన అది. ఒక్కో తనిఖీనీ విడిగా పెట్టి, ఇది ఏం చూస్తుంది, ఏ మాట చెబుతుంది, ఆ మాట ఎందుకు నిలవదు అని వరసగా రాశారు. యూడిలే హెచ్చరిక గురించి: అటామిక్ సందర్భంలో యూడిలేనే వాడాలి. యూస్లీప్ రేంజ్‌కి కనిష్ఠం, గరిష్ఠం ఒకటే ఇవ్వకూడదన్న హెచ్చరిక గురించి: అంత కచ్చితత్వం అవసరమైన చోట ఒకటే ఇవ్వడం సబబే. 2,000 మైక్రోసెకన్లు దాటితే ఎండిలే వాడమన్న హెచ్చరిక గురించి: ఆ అంకె ఏఆర్ఎం ప్రాసెసర్లది, అన్నిటికీ అదే కాదు. 20 మిల్లీసెకన్లకన్నా తక్కువ ఎంస్లీప్ అడిగితే 20 దాకా పట్టొచ్చన్న హెచ్చరిక గురించి: గడియారం సెకనుకి 100 సార్లు కొట్టే యంత్రంలో మాత్రమే అది నిజం, 1,000 సార్లు కొట్టే యంత్రంలో ఒక మిల్లీసెకను అడిగితే రెండులో అయిపోతుంది. ఈ హెచ్చరికలు చూడమన్న పత్రం కూడా పాతబడిపోయిందని చెప్పి, ఆ పత్రాన్నీ తిరగరాశారు. ఆవిడకి పెర్ల్ అంతంతమాత్రమే వచ్చని ఆ ప్యాచ్‌లోనే చెప్పుకున్నారు. అది నాకు ముఖ్యంగా తోచింది. టైమర్లు తెలిసిన మనిషి టైమర్ల గురించి స్క్రిప్టు చెబుతున్న అబద్ధాన్ని తీసేయాలంటే స్క్రిప్టు పండితురాలు కానక్కర్లేదు. సంగతి తెలిసినవాళ్లు పూనుకోవాలి, అంతే.

హెచ్చరిక చేర్చడం తేలిక. జాగ్రత్తగా ఉండమంటే వద్దనేవాళ్లుండరు. తీసేయాలంటే మాత్రం ఇది ఎందుకు అక్కర్లేదో నిరూపించాలి, తీసేశాక ఏదైనా జరిగితే నీదే పూచీ అన్నట్టు చూస్తారు. అందుకే చేరినవి చేరినట్టే ఉండిపోతాయి.

ఇక్కడ మా నాన్న పని గుర్తు చేసుకోవాలి. విశాఖ నుంచి అరకు వచ్చే రైలెక్కిన ప్రతివాళ్లూ శివలింగపురం దాటాక సొరంగాలు లెక్కపెడతారు, పిల్లలు ప్రతి సొరంగంలో కేక పెడతారు. ఈ లైన్లో మొత్తం 58 సొరంగాలంటారు. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకి దింపడానికి వేసిన లైను ఇది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ: ప్రతి రెండు స్టేషన్ల మధ్యా కొండ, లోయ, వాగు. వానాకాలంలో కొండచరియలు జారతాయి, రాళ్లు దొర్లుతాయి, కట్ట కింద మట్టి కొట్టుకుపోతుంది. రాత్రుళ్లు నాన్నవాళ్లు లాంతరు, రైలుని ఆపడానికి పట్టా మీద పెట్టే టపాసులు పట్టుకుని గస్తీ తిరిగేవాళ్లు. ఎక్కడైనా పట్టా బలహీనంగా ఉందనిపిస్తే అక్కడ వేగం తగ్గించమని డ్రైవర్‌కి కాగితం అందుతుంది. కాషన్ ఆర్డర్ అంటారు, టీ/409 ఫారం.

ఆ కాగితంలో ఏముంటుందో చిన్నప్పటి నుంచి నాకు తెలుసు. ఏ రెండు స్టేషన్ల మధ్య, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, ఎంత వేగం, ఏ కారణం. అంతటితో అయిపోదు. పట్టా పక్కన బోర్డులుంటాయి. ముందుగా జాగ్రత్త బోర్డు, తర్వాత వేగం బోర్డు, ఆఖర్న హద్దు బోర్డు. ఆ హద్దు బోర్డులు కూడా రెండు: టీ/పీ ప్రయాణికుల రైలుకి, టీ/జీ గూడ్సుకి. ఇంజిన్ దాటినంత మాత్రాన రైలు దాటినట్టు కాదు, గూడ్సు పొడవు ఎక్కువ కాబట్టి దాని బోర్డు ఇంకాస్త దూరంలో ఉంటుంది. ఆఖరి వ్యాగన్ కూడా బలహీనమైన చోటు దాటాకే డ్రైవర్ వేగం పెంచాలి. పని పూర్తయి పట్టా గట్టిపడ్డాక, బాధ్యుడైన ఇంజనీరు నిర్ధారించాక, ఆంక్ష ఎత్తేస్తారు, బోర్డులు పీకేస్తారు. పీకే పని గ్యాంగుది. బోర్డు పాతడం ఎంత ముఖ్యమో పీకడం అంతే ముఖ్యమని వాళ్ల పనిలోనే ఉంది, ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

చెక్‌ప్యాచ్ హెచ్చరికలో లోపించినది సరిగ్గా ఆ హద్దు బోర్డే. యూడిలే కన్నా యూస్లీప్ రేంజ్ మేలు అన్న మాటలో అబద్ధం లేదు. నిద్రపోవడానికి వీలున్న చోట మేలు. ఆ వీలున్న చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పలేదు. ఘాట్‌లో ఒక మలుపుకి రాసిన కాషన్ ఆర్డర్‌ని కొత్తవలస నుంచి కిరండూల్ దాకా అమలుచేస్తే ఎలా ఉంటుందో అలా తయారైంది.

హద్దు లేని నియమం ఎంతకాలం బతుకుతుందో చెప్పడానికి చెక్‌ప్యాచ్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఒక వరసలో 80 అక్షరాలు దాటితే హెచ్చరిక వచ్చేది. 80 అన్న అంకె పాత టెర్మినళ్ల నుంచి వచ్చింది, వాటికి ఐబీఎం 1928లో తెచ్చిన 80 నిలువు వరసల పంచ్ కార్డు నుంచి. కార్డులు పోయాయి, టెర్మినళ్లు పోయాయి, అంకె ఉండిపోయింది. ఆ హెచ్చరిక పోగొట్టుకోవడానికి కొత్తవాళ్లు శుభ్రంగా చదవగలిగే వరసల్ని ముక్కలు చేసి పంపేవాళ్లు, పెద్దవాళ్లు తిప్పి పంపేవాళ్లు. 2020 మే నెలాఖర్లో ఆ హద్దుని 100కి మార్చారు. 80 మేలన్న సలహా పత్రంలో మిగిలింది, శాసనంలా ఉండటం మానేసింది.

చెక్‌ప్యాచ్‌ని మెరుగుపరచడానికి కష్టపడ్డవాళ్ల ఊసెత్తకపోతే అన్యాయం. ద్వైపాయన్ రాయ్ 2021లో దాని హెచ్చరికలకు విడివిడిగా వివరణలు రాసి ఒక పత్రంలో పెట్టారు, వివరంగా చెప్పమని అడిగితే స్క్రిప్టే ఆ వివరణ చూపించేలా చేశారు. అంతకుముందు హెచ్చరిక ఒంటరిగా నిలబడేది. ఇప్పుడు దాని వెనక ఒక కారణం నిలబడుతుంది. కారణం కనపడితే చదివేవాడు తన సందర్భానికి అది సరిపోతుందో లేదో తేల్చుకోగలడు, గట్టు మీద ఒంటరిగా కూర్చున్నా సరే.

ఆ అమ్మాయి ఈ సంగతంతా వాళ్ల అక్కకి చెప్పిందట. చెబితే అక్క, "మాకూ ఇదే కదే" అందట. ఆవిడ ఊరి బడిలో మాతృభాషా వలంటీరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గిరిజన పిల్లలకి మొదటి తరగతులు సొంత భాషలో చెప్పాలని ఒక కార్యక్రమం మొదలైంది. గోండి, కోయ, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా: ఎనిమిది భాషలకి తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఆ స్ఫూర్తితో ఆవిడ ముసలమ్మల దగ్గర కథలు విని కువిలో రాస్తుంది, తెలుగు లిపిలో, బడి కంప్యూటర్ మీద.

ఆ కంప్యూటర్లో తెలుగు అక్షరదోషాల తనిఖీ ఉంది. పుటంతా ఎర్రగీతలే. ప్రతి మాట కిందా.

ఆ తనిఖీ పనిచేసే తీరు చెక్‌ప్యాచ్ కన్నా సులువు. ఒక మాటల పట్టీ, ప్రత్యయాలు కలిపే నియమాలు. పట్టీలో దొరకని మాటకి ఎర్రగీత. నాకు తెలియని మాట, తప్పు మాట అన్న రెండు సంగతులకీ దాని దగ్గర ఒకటే గీత ఉంది. తెలుగులో వాడుకలో కలిసిపోయిన ర, ఱల తేడా ఈ కొండల్లోని కొండ భాషలో సజీవంగా ఉందని భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో వెలువడ్డ తన పుస్తకంలో చూపించారు. కువిలో గొంతు దగ్గర ఊపిరి ఆపి పలికే ధ్వని ఉంది, తెలుగులో దానికి అక్షరమే లేదు. ఇంత సంపద ఉన్న భాషని తెలుగు మాటల పట్టీతో కొలిస్తే వచ్చేది ఎర్రగీతే.

ఆవిడ ఏం చేసిందో విన్నప్పుడు నాకు నిజంగా కడుపు తరుక్కుపోయింది. ఎర్రగీత పోయేదాకా అక్షరాలు మార్చుకుంటూ పోయింది. దగ్గర్లో ఉన్న తెలుగు మాట తగిలినప్పుడు గీత పోయేది, హమ్మయ్య అనుకునేది. ముసలమ్మ చెప్పిన కథ గీతలు లేకుండా శుభ్రంగా తయారైంది, సగం మాటలు కువి కాకుండా పోయాయి. పిల్లలు చదివి, ఇది మా అమ్మమ్మ మాట కాదే అన్నారట. అది విన్నాకే ఆవిడకి అనుమానం వచ్చింది. యూడిలే మార్చి రాస్ప్‌బెర్రీ పై బిగుసుకుపోయినప్పుడు చెల్లెలికి కనీసం బగ్ మెసేజ్ కనపడింది. భాష విషయంలో అలాంటి మెసేజ్ ఏ తెర మీదా రాదు. ఆ పిల్లలు నోరు విప్పి ఉండకపోతే ఆ మాటలు అలాగే అచ్చయి, వచ్చే ఏడాది పిల్లలకి అవే సరైన మాటలయ్యేవి.

పరిష్కారం ఒక నిమిషం పని. ఆ పాఠానికి భాష ఏదీ కాదని, తనిఖీ చేయొద్దని లిబ్రేఆఫీస్‌లో ఒక చోట పెడితే గీతలు పోతాయి. ఫోన్లో ఆ అమ్మాయికి చెప్పాను, ఆమె అక్కకి చేసిపెట్టింది. ఆవిడ పాత కథల్ని ముసలమ్మల ముందు మళ్లీ చదివి ఒక్కో మాటా వెనక్కి తెచ్చుకుంటోంది. కానీ అది ఒక బడిలో ఒక కంప్యూటర్. ముంచంగిపుట్టులోనో హుకుంపేటలోనో అదే పని చేసే ఇంకో వలంటీరుకి ఆ మీట ఎక్కడుందో ఎవరు చెబుతారు? నిపుణుడు తన తెర మీద హెచ్చరిక ఆపుకున్నట్టే ఇదీ. అసలు చేయాల్సింది కువికి, కొండకి సొంత మాటల పట్టీలు తయారు చేసి అందరికీ అందేలా పెట్టడం. ఆ అక్క రాసిన కథలే దానికి మొదటి ముడిసరుకు. ఈ పనికి పూనుకున్నాం, నెమ్మదిగా సాగుతోంది. ఏ మాటకి ఏ వర్ణక్రమమో ఒక్క ఊరివాళ్లే తేల్చకూడదని ఆవిడ పట్టు. ఆ పట్టు సరైనదే.

అప్పటిదాకా ఒక యంత్రం తెలియనిదాన్ని తెలియదని చెప్పగలదా? చెప్పగలదు. చెక్‌ప్యాచ్‌లోనే అలాంటి మాట ఒకటి ఉంది. మన ప్యాచ్‌లో పాత మార్పు ఒకదాని గుర్తింపు సంఖ్య రాసి, అది ఆ కంప్యూటర్లో దొరక్కపోతే, ఈ సంఖ్య నాకు తెలియదు, మీరు రీబేస్ చేశారేమో (మార్పుల వరసని తిరగరాశారేమో), లేదా ఇంకా తెచ్చుకోలేదేమో అంటుంది. తప్పు అనదు. తనకి దొరకలేదంటుంది, దొరక్కపోవడానికి ఏ కారణాలుండొచ్చో చెబుతుంది. ఆ హెచ్చరిక చూసి ఏ కొత్తవాడూ తన కోడ్ పాడుచేసుకోడు. ఎర్రగీత కూడా ఆ మాదిరి కావచ్చు: ఈ మాట నా పట్టీలో లేదు, చేర్చనా అని. ఆ మాట ఇప్పుడూ ఉంది, కుడి మీట నొక్కితే వచ్చే జాబితాలో ఎక్కడో అడుగున. పైకి కనిపించేది మాత్రం బడిపంతులి ఎర్ర సిరా.

ఆ అమ్మాయి సెన్సార్ ఇప్పుడు పనిచేస్తోంది, యూడిలేతోనే. కిందటి కోతకాలంలో తొట్టె వేడి ఎలా పడిపోయిందో గీసి వాళ్ల నాన్నకి చూపించింది. ఆయన తన చేతి లెక్కతో పోల్చి, తెల్లవారుజామున తేడా వస్తోందని చెప్పాడట, ఆ తేడా ఎందుకో ఇద్దరూ వెతుకుతున్నారు.

తనిప్పుడు చెక్‌ప్యాచ్‌కే ఒక ప్యాచ్ రాస్తోంది. కొత్త ఫైలు చేర్చినా, ఉన్నది కదిపినా చెక్‌ప్యాచ్ ఒక ప్రశ్న వేస్తుంది: మెయింటెయినర్స్ ఫైలుని కూడా మార్చాలేమో చూశారా అని. ఏ భాగానికి ఎవరు బాధ్యులో రాసి ఉండే పెద్ద ఫైలు అది. చాలాసార్లు ఆ కొత్త ఫైలున్న ఫోల్డర్‌కి ముందే ఒకరు బాధ్యులుగా ఉంటారు, మార్చాల్సిందేమీ ఉండదు. ఒక్కోసారి ఆ మార్పు అదే వరసలో తర్వాతి ప్యాచ్‌లో ఉంటుంది. అయినా ప్రశ్న వస్తుంది. పంపినవాళ్లు ఏదో మర్చిపోయామని కంగారుపడతారు.

బెన్‌సెన్ పద్ధతిలోనే మూడు భాగాలుగా చిత్తుప్రతి రాసి నాకు పంపింది: ఏం చూస్తుంది, ఏం చెబుతుంది, ఎందుకు నిలవదు. చదివితే ఎక్కడా తడబాటు లేదు. కానీ ముగింపు దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. పూర్తిగా తీసేయాలని తన వాదన. నేను ఒప్పుకోలేదు. కొత్త ఫోల్డర్ మొత్తం చేర్చేటప్పుడు ఆ ప్రశ్న చాలామందిని కాపాడింది, నేను చూశాను. ఆ ఫైలులోని బాధ్యుల వరసల్ని స్క్రిప్టు ముందుగా చదివి, కొత్త ఫైలు వాటిలో దేనికిందా రాకపోతేనే అడిగేలా చేద్దామన్నాను.

"అది రాయడానికి పెర్ల్ బాగా రావాల కదన్నా" అంది.

నేర్చుకుందామన్నాను. తీసేయడం ఇరవై వరసల పనని, హద్దు గీయడం రెండొందల వరసల పనని, రెండొందల వరసల్లో కొత్త తప్పులు దూరతాయని తను అంటోంది. అందులోనూ న్యాయం ఉంది. వచ్చే వారం సెమిస్టర్ పరీక్షలు అయిపోతాయి, ఊరెళుతుంది. రెండు రకాలుగానూ రాసి, పాత ప్యాచ్‌ల మీద నడిపి, ఏది ఎన్నిసార్లు అనవసరంగా అరుస్తుందో లెక్క తీసి, ఆ లెక్కతో పంపుదామని అనుకున్నాం.